పెండ్లికొడుకు చెమట

ల్యాబులో పనిచేయడమంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. నేను రిటైరయ్యేదాకా మా చుట్టాల్లో సగంమంది నన్ను నర్సు అనుకున్నారు. పెండ్లిళ్ళలో కనబడితే చేయి చాపి నాడి చూడమనేవాళ్ళు. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు, బటన్ నొక్కితే కాగితం బయటికొచ్చే మిషన్ల ముందు కూర్చునేవాళ్ళు, అప్పుడప్పుడు అడుగుతుంటారు, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది మేడమ్?" అని. ఏ రక్తం సంగతో, చివరి నిమిషంలో నిలబడిన ఏ ప్రాణం సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం చెమట. నగరి నుంచి హార్లిక్స్ సీసాలో పోసుకుని బస్సులో తెచ్చిన చెమట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో ఒక పిల్లల ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, ఆ జాగాలో లాడ్జి కట్టేశారు. అందులో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఆసుపత్రికి పెద్ద ఒక సీనియర్ డాక్టరు, మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఇస్త్రీ నలగని చొక్కా, చెదరని క్రాపు, తిరుగులేని అభిప్రాయాలు. ఆయన కింద కొత్తగా చేరిన డాక్టరమ్మ సన్నగా, గట్టిగా గాలి వీస్తే పడిపోయేట్టు ఉండేది కానీ, ఒక విషయం పట్టుకుంటే వదిలే రకం కాదు.

ఆ డాక్టరమ్మ దగ్గరికి నగరి నుంచి ఒక పాపను తీసుకొచ్చారు. వాళ్ళది మరమగ్గాల కుటుంబం. బడికి పోయే వయసున్న పిల్ల, చూస్తే మూడేండ్ల దాని మాదిరి ఉంది. పుట్టినప్పటి నుంచి దగ్గు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు, విరేచనం జిడ్డుజిడ్డుగా పోతుంది. టీబీ అని చెప్పి ఒకసారికి రెండుసార్లు మందులు మింగించారు. తల్లి మళ్ళీ కడుపుతో పుట్టింటికి పోయి ఉండడంతో పాపను తెచ్చింది వాళ్ళ అవ్వ, పిన్నమ్మ. పిన్నమ్మ అంటే పాప చిన్నాయన పెండ్లాం. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు, పాపను చంకనుంచి దించేదే కాదు.

"ఇంకేమైనా తేడా గమనించినారా?" అని డాక్టరమ్మ అడిగింది.

పిన్నమ్మ కొంచెం సిగ్గుపడింది. "ముద్దు పెట్టుకుంటే నోరంతా ఉప్పగా అయిపోతాది డాక్టరమ్మా. ఎండలో ఆడుకోనొస్తే నొసటి మీద తెల్లగా పొడి రాలతాది."

"అది మా తప్పే," అని అవ్వ అందుకుంది. "గంగమ్మకు ఉప్పూ మిరియాలూ మొక్కుకోనుంటిమి. తీర్సలే. ఆ ఉప్పు బిడ్డ మీదికొచ్చింది."

డాక్టరమ్మ మొక్కు సంగతి వినలేదు. ఆమె కళ్ళు మెరిశాయి. ఆ మధ్యాహ్నమే ల్యాబుకు వచ్చి, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు పేరు నాకు మొదటిసారి చెప్పింది. ఒంట్లో ఊరే రసాలన్నీ పలచగా పారకుండా బంకలాగా చిక్కబడతాయి. ఊపిరితిత్తుల్లో ఆ బంక పేరుకుంటే దగ్గు, అరుగుదల గొట్టాల్లో అడ్డుపడితే తిండి ఒంటికి పట్టదు. చెమటలో మాత్రం ఉప్పు లెక్కకు మించి పోతుంది. కాబట్టి చెమట పరీక్ష చేస్తే తేలిపోతుంది.

పెద్దసారు నవ్వారు. "అది తెల్లోళ్ళ జబ్బమ్మా. నేను ఇన్నేళ్ళలో ఒక్క కేసు చూడలేదు."

"చూడకపోవడానికి కారణం, మనం వెతకకపోవడమేమో సార్," అంది డాక్టరమ్మ.

"సరే, వెతుక్కో," అన్నారు ఆయన. పిల్ల ఆడుకుంటానంటే పెద్దవాళ్ళు ఒప్పుకున్నట్టు.

పరీక్షకు మా దగ్గర మిషన్ లేదు. పిల్లలకు చెమట పట్టించడానికి చర్మం మీద ఒక మందు రాసి, చిన్నగా కరెంటు పంపాలి. ఆ మందు, నీటికాసులకు, అంటే గ్లకోమాకు, కళ్ళల్లో వేసే చుక్కలమందే. కంటి డాక్టరు దగ్గర అడుక్కొచ్చాం. కరెంటు పెట్టెను తిరుచానూరు రోడ్డులో రేడియోలు బాగుచేసే ఆయన బ్యాటరీలతో చేసిచ్చాడు. పొరపాటున కూడా పిల్లకు షాక్ కొట్టదని, ముందు తన చేతికి పెట్టుకుని చూపించాడు. తర్వాత చేతి మీద చిన్న వడపోత కాగితం అంటించి, అది పీల్చిన చెమటను సన్నపు తక్కెడలో తూచి, అందులో ఉప్పెంతో కొలవాలి. ఫ్యాను గాలికి తక్కెడ ఊగుతుంది కాబట్టి ఫ్యాను ఆపేయాలి. తిరుపతిలో ఏప్రిల్ నెల, ఫ్యాను లేని గది. పాప చేతికి చెమట రాకముందే మాకందరికీ కారుతోంది. మా చెమట బొట్లు పాప కాగితం మీద పడకుండా తలకు తువ్వాళ్ళు చుట్టుకున్నాం. అది చూసి పాప నవ్వాపుకోలేక దగ్గింది.

మొదటి కాగితంలో వచ్చిన ఉప్పుతో ఒక జాడీ ఊరగాయ పెట్టొచ్చు. డాక్టరమ్మ సంబరపడింది కానీ నాకు నమ్మకం కలగలేదు. విచారిస్తే తేలిందేమంటే, నాతో పనిచేసే ఇంకో టెక్నీషియన్, చాలా మంచివాడు, జేబులో కారబ్బూంది లేకుండా ఎప్పుడూ ఉండేవాడు కాదు, ఆ కాగితాన్ని వేళ్ళతో పట్టుకుని తీశాడు. ఆ సంగతి గంటలోపల పెద్దసారుకు చేరింది. "కారబ్బూందికి సిస్టిక్ ఫైబ్రోసిస్ కనిపెట్టినారా?" అన్నారు.

రెండోసారి అన్నీ నేనే చేశాను. మూడోసారీ చేశాను. రెండుసార్లూ పాప చెమటలో ఉప్పు, ఉండాల్సిన గీతకు చాలా పైన ఉంది.

పెద్దసారు ఒప్పుకోలేదు. "నగరిలో నీళ్ళే ఉప్పు. అదే ఇంట్లో, అదే నీళ్ళు తాగి, అదే కూడు తినే మంచి ఆరోగ్యవంతుణ్ణి ఒకణ్ణి తీసుకురా. వాడి చెమట కూడా చూడు. అప్పుడు మాట్లాడదాం."

ఆ ఆరోగ్యవంతుడే పాప చిన్నాయన.

ఆయన వస్తే మా ల్యాబు తలుపు చిన్నదయింది. ఆరడుగుల మనిషి, మగ్గాల షెడ్డులో నూలు మూటలు ఒక్కడే ఎత్తేవాడు. కంఠం పెద్దదే కానీ మాటంతా ముక్కులోంచి వచ్చేది. ముక్కులో కండ పెరిగితే రెండుసార్లు ఆపరేషన్ చేయించుకున్నాడట, మళ్ళీ పెరిగిందట. అన్న కూతురంటే ప్రాణం.

"నా సెమట ఎంత గావాలంటే అంత తీసుకోక్కా," అని చేయి చాపాడు. "మా పాపకు మేలయితాదంటే బకెట్టుకైనా ఇస్తా."

తీశాను. కొలిచాను. ఇంకోసారి కొలిచాను. పాపకు వచ్చినంత కాదు గానీ, ఆయన చెమట కూడా గీత దాటింది.

పెద్దసారు ముఖం వెలిగిపోయింది. ఆ కాగితం పట్టుకుని వార్డంతా తిరిగారు. "చూడండి! ఈ కొండలాంటి మనిషికి కూడా ఆ జబ్బేనంట! పాపకూ అదే, ఈయనకూ అదే. ఒకరేమో లేవలేరు, ఒకరేమో మూటలెత్తుతారు. ఇదేం పరీక్ష?"

డాక్టరమ్మ నా లెక్కను మొదటి నుంచి మళ్ళీ వేసి చూసింది. పరీక్ష మీదే అనుమానం వచ్చింది కాబట్టి దాన్ని పరీక్షించడం మొదలుపెట్టాం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళందరి చెమటా తీశాం. గుమాస్తా, నర్సులు, వాచ్‌మన్, క్యాంటీన్‌లో దోసెలు పోసే ఆయన, కారబ్బూంది టెక్నీషియన్ (చేతులు కడుక్కున్న తర్వాత), నేను, డాక్టరమ్మ. జీతాల రోజు మాదిరి ల్యాబు ముందు వరుస. అందరివీ గీతకు చాలా కింద ఉన్నాయి. చివరికి పెద్దసారు కూడా చొక్కా చేయి మడిచారు. మందు రాశాం, కరెంటు పెట్టాం, ఎంతసేపు చూసినా కాగితం పొడిగానే ఉంది. ఆయనకు చెమట పట్టలేదు. "నేను ముందే చెప్పినాను, ఈ పరీక్ష నమ్మదగింది కాదు," అని చేయి దించుకుని వెళ్ళిపోయారు.

చిన్నాయన మాత్రం ఈ గొడవను మనసుకు తీసుకున్నాడు. పాప వైద్యం తన చెమట దగ్గరే ఆగిపోయిందని ఆయన బాధ. ఒక సోమవారం పొద్దున్నే వచ్చి నా బల్ల మీద హార్లిక్స్ సీసా పెట్టాడు. అందులో గోధుమరంగు నీళ్ళు, పైన నూలు పీచు తేలుతోంది.

"ఏందప్పా ఇది?"

"సెమటక్కా. మీరు ఆ సిన్న కాగితం ముక్కలో పట్టేదానికి యాతన పడతాండారు గదా. మగ్గాల కాడ బనీను తడిసినప్పుడల్లా పిండి పట్టినా. ఇది సాలదంటే రేపు ఇంకొకటి తెస్తా."

నేను ఆ సీసాను పారబోయడానికి మనసొప్పక చాలారోజులు అల్మారాలో ఉంచాను.

ఆ రోజే పెద్దసారు ఆయన్ను గదిలోకి పిలిచారు. ఏం తింటావని అడిగితే కరువాడు, నిమ్మకాయ ఊరగాయ, సద్దన్నంలో ఉప్పుమిరపకాయలు అని చెప్పాడు. పెద్దసారు బల్ల చరిచారు. "అదీ సంగతి! ఎండుచేపలు తినేవాడి చెమట ఉప్పగా ఉండక తియ్యగా ఉంటుందా? ఉప్పు పూర్తిగా మానెయ్. నెల తర్వాత రా. నీ చెమట మామూలుగా వస్తుంది. అప్పుడు ఈ జబ్బూ లేదు, ఏదీ లేదు."

ఈ సంగతి డాక్టరమ్మకు తెలిసేసరికి ఆయన గేటు దగ్గర ఉన్నాడు. ఆమె పరుగెత్తుకుపోయింది. "అప్పా, ఆ పని చేయొద్దు. నీకూ పాపకూ చెమటలో ఉప్పు పోతా ఉంటే, ఈ ఎండల్లో నువ్వు ఇంకా జాస్తిగా తినాల."

ఆయన ఇద్దరి మాటలూ తూచి చూసుకున్నాడు. ఆమెకు తల నెరవలేదు. పెద్దసారుకు నెరిసింది. ఉప్పు మానేశాడు.

డాక్టరమ్మ ఆ రాత్రంతా పుస్తకాలు తిరగేసినట్టుంది, మర్నాడు పాపను చూడ్డానికి వచ్చిన అవ్వను పక్కకు పిలిచి అడిగింది. "అవ్వా, మీ చిన్నకొడుక్కు పిల్లలెంతమంది?"

అవ్వ ముఖం చిన్నబోయింది. "యాడమ్మా! పెండ్లయి ఇన్నేండ్లయినా ఒక నలుసు లేదు. దానికి గొడ్డుతనం. అందుకే గదా, నా కూతురి బిడ్డనే వానికి ఇచ్చి సేస్తాండాం. వచ్చే నెల్లో తిరుసానూర్లో పెండ్లి. మీరందురూ రావల్ల."

'దానికి' అన్నప్పుడు అవ్వ చూపించిన మనిషి మా పక్కనే ఉంది. పాపను బోర్లా పడుకోబెట్టి, కఫం కదలడానికి వీపు మీద దొన్నెలాగా ముడిచిన అరచేత్తో తడుతోంది. డాక్టరమ్మ నేర్పిన పద్ధతి. లయ తప్పకుండా తడుతూనే ఉంది. మొగుడి రెండో పెండ్లికి ఆమె ఒప్పుకుందని చెప్పారు. చట్టం ఏమంటుందో ఎవరూ అడగలేదు, ఆమె ఏమనుకుంటోందో అసలే అడగలేదు.

డాక్టరమ్మ చిన్నాయన్ను పిలిపించి నెమ్మదిగా చెప్పింది. ఈ జబ్బు తేలిగ్గా ఉన్న కొంతమంది మగవాళ్ళకు ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, అరుగుదల బాగానే ఉంటుంది, బిడ్డలు మాత్రం పుట్టరు, కాబట్టి పెండ్లికి ముందు ఇంకొక్క పరీక్ష చేయించుకోమంది. ఏ పరీక్షో అర్థమయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు.

"సెమట అడిగినారు, ఇచ్చినా. సీసాడు తెచ్చిచ్చినా. ఇదేంది డాక్టరమ్మా ఇది? నన్ను సూసి ఆ మాట ఎట్ల అనబుద్ధయింది మీకు?"

తలుపు గట్టిగా వేసుకుని పోయాడు.

పెండ్లికి నేనూ డాక్టరమ్మా పోయాం. ఆ పెండ్లి చూడాలని కాదు. నడి మే నెలలో పాపను సత్రంలో రోజంతా కూర్చోబెడతారని భయపడి, ఉప్పూ నిమ్మకాయా కలిపిన నీళ్ళ క్యాను ఒకటి మోసుకుపోయాం. కరెంటు పోయి ఉంది. రేకుల పందిరి కింద జనం విసనకర్రలతో విసురుకుంటున్నారు. మొదటి పెండ్లాం వెనక వరుసలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేం తెచ్చిన నీళ్ళు గ్లాసుగ్లాసుగా పాపకు తాగించింది. పెండ్లికూతురు ఇరవై ఏండ్ల పిల్ల, అప్పుడే డిగ్రీ పరీక్షలు రాసింది. పెండ్లిపీటల మీద ముఖం ముడుచుకుని కూర్చుంది. పక్కన మామయ్య. పట్టుపంచె, ముందు హోమం, పొద్దుటి నుంచి ఉపవాసం, అంతకుముందు నెల దినాలు ఉప్పులేని కూడు. ఆయన ఒంటి నుంచి చెమట ధారలుగా కారి పంచె తడిసింది.

పురోహితుడు తాళిబొట్టున్న పళ్ళెం అందరూ తాకి దీవించడానికి జనం మధ్యకు పంపాడు. అది ఇంకా తిరిగి రాలేదు. అంతలో పెండ్లికొడుకు ఒక కాలు చాచాడు, తర్వాత రెండోది. "కాళ్ళు పట్టుకపోయినాయి నాయనా!" అని ముక్కుతో అరిచాడు. పురోహితుడు కంగారుపడి, ఎవరైనా రండని చేయి పైకెత్తి ఊపాడు.

పెండ్లిలో చేయెత్తి ఊపితే మేళగాళ్ళకు ఒకటే అర్థం. గట్టిమేళం అందుకున్నారు. డోలు, నాదస్వరం ఒక్కసారిగా మోగాయి. మేళం మోగితే జనానికి కూడా ఒకటే అర్థం. అందరూ లేచి అక్షింతలు విసిరారు. ఆయన పీటల మీద నుంచి పక్కకు ఒరిగి, కళ్ళు తేలేసి పడి ఉన్నాడు, ఆయన మీద పసుపు బియ్యం వాన. "ఆపండయ్యా!" అని డాక్టరమ్మ అరుస్తోంది, మేళంలో ఎవరికీ వినబడలేదు. వీడియో తీసే అబ్బాయి లైటు ఇంకా దగ్గరికి తెచ్చాడు.

జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది పిన్నమ్మే. పాపను నా చేతిలో పెట్టి, నీళ్ళ క్యాను తీసుకుని పరుగెత్తింది. డోలు వాయించేవాడి చేతిలో కర్ర లాగి పారేసింది. అప్పుడు నిశ్శబ్దమయింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, స్పృహ కొంచెం ఉండగానే, గుక్కగుక్కగా ఆ నీళ్ళు పోసింది.

పూలదండలు కట్టిన పెండ్లికారులోనే తీసుకుపోయాం. డ్రైవరుకు తెలిసిన దారి, డాక్టరమ్మ చెప్పిన దారి ఒకటే, మా పిల్లల ఆసుపత్రి. ఆ మనిషిని గోడ మీద కుందేళ్ళ బొమ్మలున్న గదిలో, చిన్న మంచం మీద పడుకోబెట్టాం. మోకాళ్ళ కింద కాళ్ళు మంచం అవతల స్టూలు మీద. రక్తం తీసి పరీక్ష చేశాను. అందులో ఉప్పు అంత తక్కువగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. సెలైన్ ఎక్కించారు. వెనక వ్యాన్లలో పెండ్లివాళ్ళంతా దిగారు. పట్టుచీరలతో వరండా నిండిపోయింది. అక్కడ ఇంకో గొడవ మొదలైంది. అక్షింతలు పడ్డాయి కాబట్టి పెండ్లి అయినట్టా, కాదా? పురోహితుణ్ణి అడిగితే తాళి కట్టనిదే లెక్కలోకి రాదన్నాడు. ఆ తాళిపళ్ళెం ఎక్కడుందో వెతికితే, ఎవరో ముసలాయన దాన్ని పట్టుకునే బస్సెక్కి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

పెద్దసారు వచ్చి మంచం దగ్గర ఆగారు. "పిల్లల వార్డులో పెండ్లికొడుకేంటి?" అని రిపోర్టు చూశారు. ముఖం మారింది. "ఇంత తగ్గేదాకా ఏం చేస్తున్నారు? ఈయన్ను ఉప్పు మానమన్న పెద్దమనిషి ఎవరు?"

మంచం మీద నుంచి ముక్కు గొంతు, బలహీనంగా, ఎంతో మర్యాదగా వినబడింది. "మీరే సార్."

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఆయన మంచం పక్కన కూర్చుంది. "ముక్కులో కండ, చెమటలో ఉప్పు, ఇప్పుడు ఈ పడిపోవడం. ఇవన్నీ ఒకటే దారంలో పూసలప్పా. ఆ దారంలో ఇంకొక పూస ఉండాదో లేదో చూడనీ."

ఆయన చాలాసేపు కుందేళ్ళ వంక చూశాడు. "ఆ డబ్బా ఏదో ఇయ్యండి," అన్నాడు.

సూక్ష్మదర్శిని కింద చూసింది నేనే. అద్దం మార్చి మళ్ళీ చూశాను. వారం తర్వాత ఇంకోసారి తీసి చూశాను. ఏమీ లేవు. సర్జన్ వచ్చి పరీక్షించి, వీర్యకణాలు బయటికి రావలసిన గొట్టం పుట్టుకతోనే రెండు వైపులా లేదని చెప్పాడు. మగతనానికి లోటు లేదు, దారి మాత్రం లేదు.

డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. గుమ్మం దగ్గర అవ్వ, పెండ్లి ఆగిపోయిన ఆ పిల్ల నిలబడి ఉన్నారు. మొదట మాట్లాడింది ఆ పిల్లే.

"అయితే నేను బీఎడ్ ఎంట్రన్సుకు పోవచ్చునా?"

ఎవరూ వద్దనలేదు. గబగబా వెళ్ళిపోయింది, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని.

పిన్నమ్మ మాత్రం డాక్టరమ్మనే చూస్తోంది. "అయితే నాకేమీ లేదా?"

"నీకు ఏమీ లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"నేను మింగిన మందులు? యాపాకు రసం తాగినా. కొండకు మోకాలి మెట్లు మోకాళ్ళ మీదే ఎక్కినా. పుత్తూరు కాడ ఒకామె పొట్ట మీద వాత పెడితే పెట్టించుకున్నా. అదంతా?"

పిన్నమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే పక్క వార్డు నుంచి నర్సు వచ్చి చూసింది. నవ్వడం అయ్యాక లేచి, పాప వీపు ఎలా తట్టాలో అవ్వ చేయి పట్టుకుని నేర్పించింది. సరిగ్గా వచ్చేదాకా తట్టించింది. తర్వాత సంచీ తీసుకుని, మొగుడి వైపు చూడకుండా, పుట్టింటికి పోవడానికి బస్టాండుకు నడిచిపోయింది.

పాప రక్తం, ఇంట్లోవాళ్ళందరి రక్తం జన్యువుల పరీక్షకు హైదరాబాదు పంపాం. ఫలితం రావడానికి రెండు నెలలు పట్టింది. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాయన నుంచి. ఒకటి బాగున్నా చాలు, జబ్బు రాదు. పాపకు రెండింటిలోనూ పెద్ద తప్పే ఉంది. మేనరికాల మీద మేనరికాలు చేసుకున్న ఇల్లు కాబట్టి ఒకటే తప్పు రెండు వైపుల నుంచీ వచ్చింది. చిన్నాయనకు ఒక ప్రతిలో ఆ పెద్ద తప్పే, రెండో ప్రతిలో వేరే చిన్న తప్పు. ఆ చిన్న తప్పున్న ప్రతి, పూర్తిగా పనిచేయకపోయినా, కొంచెం పనిచేస్తుంది. ఊపిరితిత్తులకూ అరుగుదలకూ ఆ కొంచెం సరిపోయింది. మిగతావాటికి సరిపోలేదు. రాసిన తప్పును బట్టి జబ్బు బరువు.

ఇంత చక్కగా అర్థమయిందని మేం సంతోషపడుతుండగానే, పాపకు తమ్ముడు పుట్టాడు. వాడికీ అవే రెండు పెద్ద తప్పులు, అక్షరం తేడా లేకుండా. తిండి అరగడానికి పాపకిచ్చే మందే వాడికీ కావలసి వచ్చింది. కానీ దగ్గు అక్కకు ఉన్నంత ఏనాడూ లేదు, పరుగెత్తేవాడు, గోడలెక్కేవాడు. ఒకటే తల్లి, ఒకటే ఇల్లు, ఒకటే తప్పు. ఎందుకిలా అని వాళ్ళు అడిగితే డాక్టరమ్మ, "అరుగుదల సంగతి ఈ జన్యువు చాలావరకు చెబుతుంది. ఊపిరితిత్తుల సంగతి అంత బాగా చెప్పదు. వేరే జన్యువులు, సోకిన రోగాలు, ఎంత త్వరగా కనిపెట్టినాం అనేది, ఇంకా ఏమేమో. నాకు తెలీదు," అంది. నా సర్వీసంతటిలో ఒక డాక్టరు నోట నేను విన్న గొప్ప మాటల్లో అది ఒకటి.

పాప పదో తరగతి రాసింది, మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ తర్వాత ఒక చలికాలంలో పోయింది. తమ్ముడు ఇప్పుడు మగ్గాలు చూసుకుంటున్నాడు. పెద్దసారు రిటైరయ్యేలోపల రెండు మూడు సభల్లో, ఈ జబ్బు మన జిల్లాలో ఉందని మొదట అనుమానించింది తానేనని ప్రసంగించారు. డాక్టరమ్మ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

కానీ పిన్నమ్మ సంగతి చెప్పకుండా ముగించలేను.

పుట్టింటికి పోయిన మనిషి తిరిగి రాలేదు. చిన్నాయన మూడుసార్లు పోయి పిలిచాడు. ఆమె ఒకటే మాట అంది. "నన్ను గొడ్రాలని ఒక్క ఇంట్లోనే అనలే. వీధిలో అన్నారు, గుళ్ళో అన్నారు, పెండ్లి పత్రికలు పంచి మరీ అన్నారు. అంతమందికీ నువ్వే నీ నోటితో సెప్పు. అప్పుడు వస్తా."

పెండ్లి ఆగిపోయిన ఆ ఏడే, ఆడికృత్తిక పండగకు అవ్వ పిలిస్తే నేనూ డాక్టరమ్మా నగరికి పోయాం. కొండమీది మురుగన్ గుడికి కావళ్ళెత్తిన జనం, ఎక్కడ చూసినా పసుపు బట్టలు. మెట్ల కింద పందిట్లో వలంటీర్లు మైకు పెట్టుకుని, తప్పిపోయిన పిల్లల గుర్తులు చెబుతున్నారు. ఉన్నట్టుండి ఆ మైకులో ముక్కు గొంతు వినబడింది.

"నగరి పెజలారా, సుట్టుపక్కల ఊర్లోళ్ళారా. నాకు బిడ్డల్లేరు."

జనం ఆగిపోయారు. నా పక్కనున్న ముసలామె, "పాపం, ఎవురి బిడ్డో తప్పిపోయింది," అని చుట్టూ వెతకడం మొదలుపెట్టింది. "ఏం రంగు గౌనప్పా?" అని ఎవరో అరిచారు.

"గౌను గాదప్పా! తప్పు నాది. నా పెండ్లానిది గాదు. డాక్టర్లు సూసి సెప్పినారు. అది ఎట్లంటే, మీకు అర్థమయ్యేట్టు సెప్తా వినండి. మన జకార్డు మగ్గానికి డిజైను అట్టలు ఎక్కిస్తాం గదా. ఒక అట్టలో బొక్క తప్పుగా కొట్టింటే ఏమయితాది? సీరంతా బాగుంటాది, అంచుకాడ ఒక పువ్వు రాదు. నా కత అంతే. మా పాపకు రెండు అట్టలూ తప్పే, పాపం సీరంతా సెడింది. నాకు ఒకటి సగం మంచిది. సీర బాగుండాది. పువ్వు రాలే. ఆ పువ్వు రానిదానికి నేను మగ్గాన్ని తిడతా వచ్చినా ఇన్నేండ్లూ..."

మగ్గాలవాళ్ళ ఊరు. చెప్పేది అందరికీ అర్థమవుతోంది. నవ్వడానికి సిద్ధపడినవాళ్ళు కూడా నవ్వలేదు. మొదలుపెట్టిన తర్వాత ఆయన ఆపలేకపోయాడు. చెమట, ముక్కు ఆపరేషన్, పీటల మీద పడిపోవడం, పెద్దసారు, అన్నీ చెప్పుకుంటూ పోతున్నాడు. వలంటీరు మైకు కోసం చేయి చాపి అలాగే నిలబడ్డాడు. డాక్టరమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇంకో పరీక్ష సంగతికి వచ్చేట్టున్నాడు.

అప్పుడు, పుట్టింటివాళ్ళతో కొండెక్కుతున్న పిన్నమ్మ మెట్ల మీద నుంచి వెనక్కి దిగి వచ్చింది. పసుపుచీర, భుజాన కావడి. నేరుగా పందిట్లోకి పోయి ఆయన చేతిలో మైకు తీసుకుంది. ఒక క్షణం జనం వైపు చూసింది. ఏదో పెద్దమాట అంటుందనుకున్నాం.

"అందురూ ఇన్నారు గదా," అంది. "పోండి, దర్శనానికి ఆలీసమయితాది."

తర్వాత ఆయన వైపు తిరిగింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉందని ఆమెకు తెలీదు. కొండ మొత్తానికీ వినబడింది.

"నీ కోసరం గాదు నేనొచ్చేది. పాప ఈపు మీ అమ్మ సరిగ్గా తట్టడం లేదంట."

"దేనికోసరమైతే ఏమిలే," అన్నాడాయన. ఆమె భుజం మీది కావడి తన భుజానికి మార్చుకుని, ఆమె వెనకాలే మెట్లెక్కాడు.